షవెల్ ఆగబట్టే దొరికింది

సంపాదకుడు గారికి,

శిలాజాలను కాపాడే చట్టం కావాలంటే ‘రాళ్లకూ చట్టమా’ అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు కెనడా సంగతి ఒకటి చెప్పాలి.

2011 మార్చిలో అల్బర్టా రాష్ట్రంలోని ఒక నూనె ఇసుక (ముడి చమురు కలిసిన ఇసుక) గనిలో షాన్ ఫంక్ అనే షవెల్ ఆపరేటర్‌కు బకెట్ కింద తేడాగా ఉన్న రాయి తగిలింది. యంత్రం ఆపి పైవాళ్లను పిలిచాడు. అక్కడ శిలాజం కనబడితే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, అది చట్టం. రాయల్ టిరెల్ మ్యూజియంలో మార్క్ మిచెల్ సుమారు 7,000 గంటలు ఆ రాయిని గీకగా గీకగా 11 కోట్ల ఏళ్ల నాటి బోరియలోపెల్టా అనే కవచమున్న డైనోసార్ బయటపడింది. ఎముకలే కాదు, పొలుసులు, కవచపు బిళ్లలు, భుజాల మీది పొడుగాటి ముళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అయిదున్నర మీటర్ల పొడవు, 1,300 కిలోల బరువు. చర్మంలో మిగిలిన రసాయన ఆనవాళ్లను బట్టి వీపు ఎర్రమట్టి రంగు, పొట్టవైపు లేత రంగు అని తేల్చారు. అంటే అంత కవచం తొడుక్కుని కూడా వేటాడే జంతువుల కంట పడకుండా దాక్కోవలసి వచ్చేదన్నమాట! కడుపులో చివరి మేత కూడా మిగిలింది. ఎక్కువగా ఫెర్న్ ఆకులు, అవీ ఏరి తిన్నవే. వాటితోపాటు మేత నలగడానికి మింగిన గులకరాళ్లు, కాస్త బొగ్గు. అడవి కాలి మళ్లీ చిగిర్చిన చోట మేసిందని శాస్త్రవేత్తల అంచనా. కాలిన బీడులో లేత గడ్డికి పశువులు ఎగబడటం చూసిన మాకు ఇందులో వింతేమీ లేదు.

ఇక మన సంగతి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు యామన్‌పల్లి దగ్గర దొరికినవే. ప్రాణహిత-గోదావరి లోయలో ‘కోట’ అని పిలిచే ఆ శిలల్లోనే కవచమున్న డైనోసార్ బిళ్లలూ దొరికాయని 2002లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. బోరియలోపెల్టా కంటే అవి కోట్ల ఏళ్లు పాతవి. సింగరేణి బొగ్గు డైనోసార్లు పుట్టకముందుది కాబట్టి ఆ బొగ్గులో వెతకనక్కర్లేదు. కోట శిలలున్న ఊళ్లలో రోడ్డుకో, చెరువుకో, క్వారీకో తవ్వేటప్పుడే చూసుకోవాలి.

శిలాజాల వంటివి ఉన్న భూ వారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. దాన్ని చట్టం చేయాలి. అందులో ఇంకొకటి కూడా చేర్చాలి. మన దగ్గర పొక్లెయిన్‌కు గంట లెక్కన అద్దె. ఎముకలాంటిది కనబడి డ్రైవర్ బండి ఆపితే, ఆ గంటల డబ్బు ఎవరిస్తారు?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మంచిర్యాల