ఆ తెలుపు బూజా, కాదా?

ఒరే బావా,

జాడీలో దాచిన పైపు పొగాకు మీద తెలుపు వచ్చింది, అది బూజా అని అడిగిన నీ ఉత్తరం అందింది. ఫోన్లో పంపిన ఫోటోలు కూడా పెద్దవి చేసి చూశాను. ఆ జాడీలోది పారేయకు, తాగకు. ముందు ఇది పూర్తిగా చదివి, నేను చెప్పినట్టు పరీక్షించి చూడు. మీ బాబాయిగారు 2015లో ఇచ్చిన వర్జీనియా ఫ్లేక్ అది, నొక్కి పలచటి ముక్కలుగా కోసిన పొగాకు. అంత మాగిన సరుకు ఇప్పుడు కొందామన్నా దొరకదు. అలాగని ఆయన గుర్తు కదా అని బూజు పట్టినదాన్ని పైపులో నింపమని నేను చచ్చినా చెప్పను.

ఫోటోలో నాకు రెండు రకాల తెలుపు కనిపిస్తోంది. ముక్కల మీద పరుచుకుని ఉన్నది ఒకటి, మూత దగ్గర అంచున ఉన్న రెండు మచ్చలు ఇంకొకటి. మొదటిది పాత పొగాకు లోంచి పైకి తేలి గడ్డకట్టే స్ఫటికాల్లా ఉంది, చూస్తే నాకు ధైర్యంగానే ఉంది. ఆ రెండు మచ్చలే నచ్చలేదు. ఫోటో చూసి తీర్పు చెప్పడం తప్పు కాబట్టి నీ కళ్ళతో నువ్వే చూడాలి.

గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గర దొరికే పదింతల భూతద్దం ఒకటి తెచ్చుకో. ఒక ఫ్లేక్ తీసి నల్ల కాగితం మీద పెట్టి, గదిలో లైటు ఆపి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టుకో. పైనుంచి వెలుగు వేస్తే ఏదైనా తెల్లగానే కనిపిస్తుంది, తేడా తెలియదు. పక్క వెలుగులో స్ఫటికాలు తళుక్కుమంటాయి. సన్నగా, గట్టిగా, మూలలు తేలి, పంచదార పొడి చల్లినట్టు ఆకుకి అంటుకుని ఉంటాయి. బూజు మెరవదు. దానికి నూగు ఉంటుంది. దారాల్లాంటి పోగులు ఆకు మీంచి పైకి లేచి, ఒక ముక్క నుంచి పక్క ముక్కకి అల్లుకుంటాయి. ముదిరితే పోగుల చివర సూదిమొనంత చుక్కలు, బూడిద రంగో పచ్చగానో కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక ముక్క మీద గోరువెచ్చటి నీటి చుక్క ఒకటి వేసి చూడు. స్ఫటికం కరిగిపోతుంది, అక్కడ ఆకు రంగు బయటపడుతుంది. బూజు కరగదు, తడిసి ముద్దగా ఒక పక్కకి పడుకుంటుంది. పరీక్షకి వాడిన ముక్కని మళ్ళీ జాడీలో వెయ్యకు సుమా.

వాసన సంగతి అడిగావు. మూత తీయగానే పుల్లగా, వెనిగర్ లాగా ముక్కుకి కొట్టిందని భయపడ్డావు. అది భయపడాల్సింది కాదు. మూసిన జాడీలో మొదట ఉన్న కాస్త గాలి అయిపోయాక కూడా ఆకు లోపల మార్పు ఆగదు, నెమ్మదిగా మాగుతూనే ఉంటుంది. ఆ పులుపు దాని లక్షణం. పళ్ళెంలో పరిచి గంటసేపు వదిలేస్తే తగ్గిపోతుంది, కింద నుంచి అంజూరపు వాసన తేలుతుంది. బూజు వాసన వేరు. తడి గోనెసంచి, ముక్కిన బియ్యం, వానాకాలం తలుపులు మూసేసిన గది. ఆ వాసన ఎంత ఆరబెట్టినా పోదు. నీ ముక్కు మంచిదేరా, దాన్ని నమ్ము.

ఆ స్ఫటికాలు ఎక్కడివి అంటావేమో. వర్జీనియా ఆకుని బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, వేడిగాలితో వారం లోపే ఆరబెడతారు. ముందు తక్కువ వేడిలో పసుపు రంగుకి తెచ్చి, తర్వాత 70 డిగ్రీల దాకా పెంచుతారు. అంత త్వరగా ఆరడంతో ఆకులోని చక్కెర ఖర్చు కాకుండా నిలిచిపోతుంది. ఆకు బరువులో 15, 20 శాతం దాకా ఉంటుంది. బర్లీ అనే ఇంకో రకం పొగాకుని నీడలో, గాలికి నెలా రెండు నెలలు ఆరనిస్తారు, ఆ లోపు ఆకు తన చక్కెరని తానే తినేస్తుంది. అందుకే ఏళ్ళు గడిచిన వర్జీనియా మీద తళుకు కనిపిస్తే నాకు ఆశ్చర్యం ఉండదు, బర్లీ మీద కనిపిస్తే మాత్రం భూతద్దం తీస్తాను. వయసు కూడా చూడాలి. లోపలి చక్కెరలు, ఆమ్లాలు తేమతో పాటు పైకి వచ్చి గడ్డకట్టడానికి ఏళ్ళు పడుతుంది. జాడీ కట్టిన రెండు నెలలకే తెలుపు వచ్చిందంటే అది బూజే అనుకో.

అమెరికాలోని లూసియానాలో పెరీక్ అని ఒక పొగాకు చేస్తారు. సెయింట్ జేమ్స్ పారిష్ అనే ఒక్క ప్రాంతానిదే ఆ పేరు. ఆకుని పీపాల్లో కుక్కి, పైన మరతో బిగించి, దాని రసంలోనే దాదాపు ఏడాది మగ్గబెడతారు. మధ్యలో బయటికి తీసి, గాలి తగలనిచ్చి, మళ్ళీ కుక్కుతారు. మన గుంటూరు వైపు ఆకుని మండె (కుప్ప) వేసి, చెయ్యి పెట్టి వేడి చూసుకుని, తిరగేసేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఎక్కడైనా మగ్గబెట్టేవాడు కాపలా కాసేది తేమనీ వేడినీ. మన జాడీలకీ అంతే.

అసలు పని జాడీ కట్టే రోజునే అయిపోతుందిరా బావా. తర్వాత మనం చేయగలిగేది తక్కువ. చుట్టూ గాలిలో తేమ 65 శాతం లోపు ఉంటే బూజు లేవదు, 70 దాటితే దానికి పండగ. మా పర్లాకిమిడిలో శ్రావణ, భాద్రపదాల్లో తేమ కొలిచే హైగ్రోమీటర్ ముల్లు 85 దిగదు. మీ కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, వానలకి తోడు మబ్బు ఇంట్లోకే వస్తుంది. అందుకని వానాకాలంలో జాడీ కట్టకు. మాఘ, ఫాల్గుణాల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు పని పెట్టుకో. పొగాకు కాగితం మీద పరిచి ఫ్యాను కింద ఉంచు. వేళ్ళ మధ్య నొక్కి వదిలితే నెమ్మదిగా విచ్చుకోవాలి. ముద్దగా ఉండిపోతే తేమ ఎక్కువ, గరగరమని విరిగితే తక్కువ. కాస్త తక్కువైనా పరవాలేదు గానీ ఎక్కువ మాత్రం వద్దు.

ఊరగాయ పింగాణీ జాడీ వద్దు, దాని మూత గాలి ఆపదు. ప్లాస్టిక్ డబ్బా పాత వాసనలు వదలదు. రబ్బరు వాషరు ఉన్న గాజు జాడీని మరిగించి, ఎండలో బాగా ఆరనిచ్చి, చిన్న చిన్నవాటిలో కట్టుకో. ఒకటి తెరిస్తే మిగతావి కదలకుండా ఉంటాయి. పొగాకు ఎండిపోయిందని కొందరు బంగాళాదుంప ముక్కో కమలా తొక్కో లోపల పడేస్తుంటారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బూజుని చేయి పట్టి లోపలికి తీసుకెళ్ళడమే అది.

నీ జాడీ ఎక్కడ పెట్టావో రాయలేదు. కిటికీ దగ్గర షెల్ఫులో అయితే ఆ రెండు మచ్చలకి కారణం నాకు తెలిసిపోయినట్టే. పగలు గాజు వేడెక్కితే ఆకులోని తేమ ఆవిరై పైకి లేస్తుంది, రాత్రి చల్లబడితే మూత లోపల చెమట పట్టి అంచున దిగుతుంది. మొత్తం పొగాకు సరైన తేమలోనే ఉన్నా ఆ ఒక్కచోట తడి నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కూడా ఇదే గోల. బయటి గోడకి ఆనని చోట, ట్రంకుపెట్టెలో, పాత దుప్పటి చుట్టి పెట్టు.

రేకు డబ్బాలని కూడా నమ్ముకోకు. మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారు సీలు తీయని డబ్బాలు అటక మీద దాచుకున్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అటక కారి, తర్వాత చాలా రోజులు కరెంటు లేక ఆయన వాటిని చూసుకోలేదు. డబ్బా అడుగు అంచున తుప్పు సూదిబెజ్జమంత చేసింది. తెరిచి చూస్తే బెజ్జం చుట్టూ పచ్చటి బూజు. ఆయన ఎంత బాధపడ్డారో నాకు తెలుసు, అయినా ఒక్క చిటికెడు కూడా మిగుల్చుకోలేదు. సరైన పని చేశారు.

నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్నకి నా జవాబూ అదే. మచ్చ ఉన్న ముక్క తీసేసి మిగతాది తాగొచ్చా అంటే, వద్దు. నూగు కనిపించేలోపే పోగులు, బీజాలు జాడీ అంతా చేరి ఉంటాయి. నిప్పులో చచ్చిపోతాయి కదా అంటావు. నిప్పు పైనుంటుంది, పొగ కింద ఉన్న కాలని పొగాకు గుండా నోట్లోకి వస్తుంది. పొగాకు బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ జాతివి ఉంటాయి, ఊపిరితిత్తులకి అవి చెడ్డవి. ఎలాగూ పొగాకు మంచిది కాదని నీకూ నాకూ తెలుసు. మన ఊళ్ళల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మల అంగిళ్ళు ఏమయ్యాయో చూశాం. ఉన్న ముప్పు చాలు, దాని మీద ఇంకోటి పెట్టుకోవద్దు.

కాబట్టి ముందు ఆ అంచు మచ్చలు భూతద్దంతో చూడు. తళుకుంటే మూత లోపల పొడిగుడ్డతో తుడిచి, ట్రంకుపెట్టెలోకి మార్చు. నూగుంటే మొత్తం కాగితంలో చుట్టి పారేసి, వాషరు కూడా పడేసి, జాడీ మరిగించు. నా దగ్గర 2017 నాటి వర్జీనియా ఫ్లేక్ జాడీలు ఉన్నాయి, దసరాకి వచ్చినప్పుడు ఒకటి నీకిస్తాను. ఏ సంగతో చూడగానే ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీగానే ఉంటాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ
పర్లాకిమిడి