గ్రాహం గారి కథ సగమే వేశారు

సంపాదకుల వారికి,

అయ్యా, పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో అమెరికా సర్జన్ ఎవార్ట్స్ గ్రాహం గురించి రాశారు. బ్యారన్ (పొగాకు ఆకును వేడికి ఎండబెట్టే కొట్టం) దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండి, ఈ ఉత్తరం ఇప్పటికి కుదిరింది. అవును, నేను పొగాకు రైతునే. అయినా రాస్తున్నాను.

1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయిస్‌లో క్యాన్సర్ పట్టిన ఎడమ ఊపిరితిత్తిని ఆయన మొత్తంగా తీసేసి రోగిని బతికించారని, ఆ రోగీ డాక్టరేనని, ఆ తర్వాత 30 ఏళ్లు బతికాడని వేశారు. బాగుంది. అక్కడితో ఆపేశారు. అసలు సంగతి అక్కడే కదండీ మొదలయ్యేది!

గ్రాహం గారు సిగరెట్లు బాగా కాల్చేవారు. పొగకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని ఆక్స్‌నర్ అనే ఇంకో సర్జన్ అంటే, ఆడవాళ్ల నైలాన్ మేజోళ్ల అమ్మకాలూ పెరిగాయి, వాటి వల్లా వస్తోందనమంటారా అని ఎగతాళి చేశారు. ఈ ఆక్స్‌నర్ 1919లో అదే ఊళ్లో వైద్య విద్యార్థి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన మనిషి శవపరీక్ష జరుగుతుంటే, మళ్లీ ఇలాంటి కేసు చూస్తారో చూడరో అని ప్రొఫెసర్ క్లాసునంతా పిలిపించి చూపించారట. అంత అరుదు అప్పట్లో! పదిహేడేళ్లకు ఆక్స్‌నరే ఆరు నెలల్లో తొమ్మిది కేసులు చూశారు.

తర్వాత విండర్ అనే కుర్ర విద్యార్థి వచ్చి రోగులను అడిగి లెక్క తీస్తానంటే, నమ్మకం లేకపోయినా గ్రాహం కాదనలేదు. 684 కేసుల లెక్క 1950 మేలో ఇద్దరి పేర్లతోనూ అచ్చయింది. ఒక రకం క్యాన్సర్‌ను పక్కన పెడితే మిగిలిన 605 మంది మగవాళ్లలో 96.5 శాతం ఏళ్ల తరబడి గట్టిగా కాల్చినవాళ్లే. లెక్క తనకే ఎదురు తిరిగితే పెద్దాయన కాగితాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యలేదు. సిగరెట్ మానేశారు. కానీ ఆలస్యమైపోయింది. 1957లో రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యాన్సర్‌తో పోయారు. రెండు వైపులా ఉంటే తీసేదేముంది? ఆయన చేతిలో బతికిన రోగి మాత్రం అప్పటికింకా ఉన్నాడు. ఇది వెయ్యడానికి మీకు జాగా లేకపోయింది. ఆ పక్కనే నవ్వుతున్న హీరోగారి యాలకుల ప్రకటనకు మాత్రం అరపేజీ దొరికింది. ఆ యాలకుల కంపెనీ ఇంకేం అమ్ముతుందో మాకూ తెలుసు, మీకూ తెలుసు.

మా బావమరిదికి దగ్గొస్తే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నారు. కళ్లె పరీక్ష కూడా చెయ్యకుండా ఆరు నెలలు మాత్రలు మింగించారు. స్కాన్ తీయించేసరికి ఆపరేషన్ దశ దాటిపోయిందన్నారు. 90 ఏళ్ల కిందటి ఆపరేషన్ గురించి చదువుతుంటే మా ఇంట్లో వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక మా బస్టాండు. "పొగ తాగరాదు, జరిమానా రూ.200" అని బోర్డు ఉంది. దాన్ని కొట్టిన మేకుకే పక్క బడ్డీ కొట్టాయన కొబ్బరితాడు వేలాడదీశాడు. దాని కొస పొద్దుటి నుంచి రాత్రి దాకా రాజుతూనే ఉంటుంది, వచ్చినవాడు వచ్చినట్టు వంగి అంటించుకుంటాడు. బోర్డులో "రాదు" అన్న ముక్క మసిబారిపోయింది, ఇప్పుడు "పొగ తాగ" అని మాత్రమే కనబడుతోంది. ఎదురుగా హైస్కూలు. 100 గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టంలో ఉంది. గజం బద్ద తెచ్చి కొలిచిన అధికారిని నేనింతవరకు చూడలేదు. పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేయించారు, సంతోషం. మావాళ్లు కొనేది విడి సిగరెట్ కదా, పెట్టె కొట్టాయన దగ్గరే ఉంటుంది. బొమ్మ చూసి భయపడాల్సింది ఆయనా?

ఎన్ని కిలోలు పండించాలో పొగాకు బోర్డు మాకు లెక్క కట్టి ఇస్తుంది. పైన పండితే దాని మీద జరిమానా, అది మాత్రం తూచి మరీ వసూలవుతుంది. బస్టాండులో 200 రూపాయలు రాసే పుస్తకం ఎవరి సొరుగులో ఉందో, అసలు అచ్చేశారో లేదో.

జాగా చాలక ఈ ఉత్తరం కుదించాల్సి వస్తే ఆపరేషన్ ముక్క తీసేయండి. అది మీరు ఇదివరకే వేశారు.

- ఒక పొగాకు రైతు, టంగుటూరు, ప్రకాశం జిల్లా