పట్టు కన్నా ముందు పడటం నేర్పాలి: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హనుమకొండ జిల్లా పరకాల దగ్గరి పల్లెలో ఎరువుల దుకాణంలో గుమాస్తాను. సాయంత్రం దుకాణం కట్టేశాక మా ఊరి అమ్మాయిలకు కబడ్డీ నేర్పుతాను. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు లేరు. కాలేజీ రోజుల్లో ఆడిన అనుభవమే నా అర్హత. వానాకాలంలో మండల పోటీలు మొదలయ్యేలోగా జట్టును సిద్ధం చేయాలి.

మాది నల్లరేగడి. ఎండలకు వేలు దూరేంత నెర్రెలు బారుతుంది. ఈ ఏప్రిల్‌లో నాలుగు సాయంత్రాలు మైదానానికే సరిపోయాయి. పెళ్లలు పగలగొట్టి, ఇసుక పోసి, 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున గీతలు గీశాం. అమ్మాయిలు ఇళ్ల నుంచి జల్లెళ్లు తెచ్చి మట్టి జల్లించారు. గులకరాళ్లతో పాటు రెండు గాజు పెంకులు తేలాయి. వట్టి కాళ్లతో ఆడే పిల్లలండీ, ఆ పెంకులను చూసి నా గుండె ఝల్లుమంది.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం నిరుడు జరిగిన సంగతి. పోటీలకు వారం ముందు, కూతకు వెళ్లిన అమ్మాయి పట్టు విడిపించుకోబోయి పడింది. మోకాలు మెలితిరిగింది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే: బామ్ రాసి గట్టిగా రుద్దాను, పట్టుకుని నాలుగడుగులు నడిపించాను. తెల్లవారేసరికి మోకాలు కుండలా వాచింది. రుద్దకూడదనీ, నడిపించకూడదనీ, ఐసును గుడ్డలో చుట్టి పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలనీ తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే తెలిసింది. ఐసు దొరికే సోడా దుకాణం మా మైదానానికి ఎదురుగానే ఉంది. ఆ పాప ఆ ఏడాది ఇక ఆడలేదు. "మీరేం చేస్తారు సార్, పోనీయండి" అంది వాళ్లమ్మ. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఈసారి మొదటి పది రోజులు ఎవరినీ పట్టనివ్వడం లేదు. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లుతూ పడటమే సాధన. ఒక పాత ఆటగాడు చెప్పిన కిటుకు ఇది. మొదటి ఏడాదే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

పంజాబ్‌లోని పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ శిక్షకుల కోసం నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. నాలాంటి వాళ్లకు అన్ని రోజులు పని మానుకుని అంత దూరం వెళ్లడం కుదరదు. అందుకే నా విన్నపం: మే చివరి వారంలో, బడులు తెరవకముందే, హనుమకొండ జేఎన్ స్టేడియంలో ఊళ్లలో నేర్పేవారందరికీ ఐదారు రోజుల శిక్షణ పెట్టించండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఫిజియోథెరపిస్టులను ఒక పూట పిలిపించి ప్రథమ చికిత్స చేయించి చూపించండి. వడదెబ్బ లక్షణాలు, నెలసరి రోజుల్లో అమ్మాయిల సాధన ఎలా ఉండాలన్నదీ చెప్పించండి. సిగ్గుతో పిల్లలు అడగరు, తెలియక మేం చెప్పం. ఏమీ చెప్పకుండానే ఆట మానేసిన పిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు.

2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. స్థలం దొరికింది, సంతోషం. అక్కడ నిలబడి నేర్పే మనిషినీ తయారు చేయండి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిది మా పక్క వరంగల్ జిల్లాలోని పర్వతగిరి మండలం కల్లెడ. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే.

మీరు పిలిస్తే దుకాణానికి సెలవు పెట్టి మొదటి రోజే వస్తాను. మోకాలు మెలితిరిగిన ఆ అమ్మాయి నిన్నటి నుంచి మళ్లీ మైదానానికి వస్తోంది.

ఇట్లు,
పరకాల ప్రాంతపు ఒక కబడ్డీ శిక్షకుడు