బాల్య వివాహాలకు ఇంకా తెరిచి ఉన్న యానాం దారి

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2021 డిసెంబరులో మీ శాఖ లోక్‌సభలో పెట్టిన బాల్య వివాహాల నిషేధ సవరణ బిల్లు 2024లో సభ రద్దవడంతో మురిగిపోయింది. ఆడపిల్ల పెళ్లి వయసు 21కి పెంచాలా వద్దా అన్న గొడవలో అందులోని ఇంకో మాట మరుగున పడింది. ఈ చట్టం అన్ని మతాల పర్సనల్ లా కన్నా, అంటే పెళ్లి, విడాకుల వంటి వాటికి మతానికొకటిగా ఉన్న చట్టాల కన్నా, పైన ఉంటుందన్నదే ఆ మాట. 21 సంగతి ఎలా పోయినా ఫర్వాలేదు, ఆ రెండో మాట మళ్లీ తెండి.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, పర్సనల్ లా పైనా ఈ చట్టం పైనా అన్న ప్రశ్న పార్లమెంటు పరిశీలనలో ఉందంటూ తేల్చకుండా వదిలేసింది. అప్పటికి బిల్లు మురిగి నాలుగు నెలలు దాటింది! అప్పటికే హైకోర్టులు తలోదారి పట్టాయి. పదహారేళ్ల ముస్లిం అమ్మాయి నిఖా చెల్లుతుందని 2022లో పంజాబ్-హర్యానా హైకోర్టు అంది. మతమేదైనా 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం అందరికీ వర్తిస్తుందని 2024లో కేరళ హైకోర్టు అంది.

దీన్ని ఒక్క మతం మీదికి తోసేసేవాళ్లకు మన ఇంటి సంగతీ గుర్తుచేయాలి. హిందూ బాల్య వివాహం చెల్లకుండా పోదని 1977లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచే తీర్పిచ్చింది. అంతకుముందు, 1930లో బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం అమల్లోకి వచ్చాక, మా గోదావరి జిల్లాల వాళ్లు పిల్లల్ని తీసుకుని, ఆ చట్టం వర్తించని ఫ్రెంచివారి యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు పడవ ఎక్కక్కర్లేదు, మతం పేరు చెబితే చాలు.

2006 చట్టమూ సగం దారిలోనే ఆగింది. మైనరు పెళ్లి రద్దు చేయించుకోవచ్చంటుంది గానీ, మామూలుగా చెల్లదని అనదు. రద్దు కావాలంటే ఆ పిల్లే కోర్టుకెక్కాలి, అదీ మేజరైన రెండేళ్లలోపు. ఇరవై నిండేసరికి చంకలో బిడ్డ ఉంటుంది. అత్తింటి నుంచి వకీలు దాకా వెళ్లడానికి బస్సు ఛార్జీ ఎవరిస్తారు?

మా వైపు పెళ్లి ఆపడమంటే ఏమిటో చెప్తాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తుంది. అంగన్‌వాడీ సూపర్‌వైజరు, కానిస్టేబులు వెళ్లేసరికి పందిరి వేసి ఉంటుంది, వంటవాళ్లు ఉల్లిపాయలు తరుగుతుంటారు. బడి రికార్డులో పుట్టిన తేదీ చూస్తారు. 'పద్దెనిమిది నిండేదాకా చెయ్యం' అని తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకుని, ఫొటో దిగి వెళ్లిపోతారు. వారం తిరక్కుండా మేనమామ ఊళ్లో గుళ్లో తాళి పడుతుంది. అదే మేజిస్ట్రేటు దగ్గర 2006 చట్టం 13వ సెక్షన్ కింద నిషేధ ఉత్తర్వు తెచ్చుంటే, ఆ తర్వాత జరిగిన పెళ్లి చట్టం దృష్టిలో పెళ్లే కాదు. రాయించుకున్న కాగితానికి ఆ బలం లేదు. ఈ ఒక్క ముక్క మండల స్థాయి సిబ్బందికి నేర్పడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

చెల్లదంటే పిల్ల వీధిన పడుతుందన్న భయం ఉంది, న్యాయమైనదే. రద్దయిన పెళ్లిళ్లలో మనోవర్తి, నివాసం, బిడ్డలకు వారసత్వం 2006 చట్టమే ఇస్తోంది. అవే హక్కులు చెల్లని పెళ్లిళ్లకూ ఇవ్వాలి. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన జంటలనూ మర్చిపోవద్దు. 2022లో పంజాబ్-హర్యానా హైకోర్టుకొచ్చిన జంట అడిగింది పెద్దవాళ్ల నుంచి ప్రాణరక్షణ. అది ఇవ్వాల్సిందే. దానికి నిఖా చెల్లుతుందని చెప్పాల్సిన పని మాత్రం లేదనే నా ఉద్దేశం.

పద్దెనిమిదేళ్లలోపు పెళ్లి మొదటి నుంచీ చెల్లదని కర్ణాటక 2017లోనే సవరించుకుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, మా ఆంధ్రప్రదేశ్‌లో 29.3. పక్క రాష్ట్రం చేసిన పని దేశమంతటికీ చేసే బిల్లు ఎప్పుడు పెడతారో, అందులో పర్సనల్ లా మాట ఉంటుందో లేదో పార్లమెంటులోనే చెప్పండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ అధ్యాపకురాలు,
కాకినాడ