ఏజెన్సీ వైద్యవిద్యలో ఆదివాసులూ బోధకులు కావాలి

సంపాదకులకు,

పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడటం మన్యం ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మేలు. అయితే అక్కడ చదివే విద్యార్థి కోందు, బగత, పోర్జ తెగల తిండీ తీరూ నమ్మకాలూ తెలుసుకోకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోకూడదు. గోండులు, కొలాములు వైద్యానికి వచ్చే ఆదిలాబాద్ రిమ్స్ వైద్య కళాశాలకూ ఇదే వర్తిస్తుంది.

ఏజెన్సీలో నర్సింగ్ విద్యార్థినులకు చాలాకాలం పాఠం చెప్పినదాన్ని కనుక ఇది రాస్తున్నాను. పసిబిడ్డ పొట్టమీద వాతలు కనబడగానే తల్లిని నలుగురిలో కేకలేయడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. ఆ వాత ఎప్పుడు పెట్టారు, ఏం చూసి పెట్టారు అని నెమ్మదిగా అడిగితే, బిడ్డకు ఎన్నాళ్లనుంచి నలతగా ఉందో, ఇంటి పెద్దలు దేనికి భయపడ్డారో ఆమే చెబుతుంది. మాటలు పడ్డ తల్లి తాగించిన పసరు సంగతి దాచిపెడుతుంది. అది కాలేయానికి హాని చేసేదైతే ఆ విషయం వైద్యుడికి తెలిసే దారే ఉండదు. రక్తహీనతతో ఉన్న గర్భిణికి యాపిల్, దానిమ్మ తినమని చెప్పి పంపేవారికి, ఆమె ఇంట్లో చోళ్లు (రాగులు), సామలు ఉంటాయనీ, వానలు పడ్డాక కొండమీద ఎన్నో ఆకుకూరలు దొరుకుతాయనీ చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పి ఉండరు.

పసరు మందులను ఆసుపత్రి చీటీమీద రాయమని నేను కోరడం లేదు. వాతలు ఆగాలి, పాముకాటుకు విరుగుడు ఇంజెక్షనే పడాలి. కానీ ఆ మాట ఊళ్లో చెల్లాలంటే ఊళ్లో పూజలూ వైద్యమూ చూసే గురువునూ దిసారినీ, మంత్రసానినీ గౌరవంగా పలకరించడం తెలిసినవారే చెప్పాలి.

న్యూజీలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు పట్టుదల ఫలితంగా 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ సాంస్కృతిక భద్రతను నర్సుల శిక్షణలో భాగం చేసింది. అందిన సేవ తన సంస్కృతిని కించపరచకుండా ఉన్నదా లేదా అని తేల్చవలసింది రోగే అన్నది అందులోని కీలకం, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ అదే. కెనడాలో మూలవాసులకు జరిగిన అన్యాయాలను విచారించిన సత్య సయోధ్య కమిషన్ 2015లో చేసిన 24వ సిఫార్సు, వైద్య, నర్సింగ్ విద్యార్థులందరూ మూలవాసుల ఆరోగ్యంపై ఒక కోర్సు చదివి తీరాలని చెప్పింది.

మనకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోనే వైఖరి, నైతికత, సంభాషణలపై పాఠాలున్నాయి. మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పే వీలుంది. విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యాన్ని గమనించే కార్యక్రమం కూడా తర్వాత చేరింది. ఏజెన్సీ కళాశాలల్లో ఈ గంటలను కువి, ఆదివాసీ ఒడియా, గోండి భాషలు నేర్పడానికీ, ఆదివాసీ కుటుంబాలతో మెలగడానికీ కేటాయించాలి. పాఠం చెప్పడానికి ఊరి పెద్దలను, ఆశా కార్యకర్తలను పిలిచి, అతిథి అధ్యాపకులకిచ్చే పారితోషికమే వారికీ ఇవ్వాలి. పరీక్షలో మార్కులు కూడా పెట్టాలి, మార్కుల్లేని పాఠాన్ని మన పిల్లలు ఎలా చూస్తారో అందరికీ తెలిసిందే.

ఊరి పెద్దలు చెప్పిన మూలికల వివరాలను వారి అనుమతి లేకుండా పరిశోధన పత్రాలకెక్కించకూడదు. కేరళలో కాణి తెగవారు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కనుంచి మందు తయారైనప్పుడు, దానిపై వచ్చిన సొమ్ములో ఆ తెగకూ వాటా ఇచ్చారు. ఆ పద్ధతి మనకూ ఉండాలి.

విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు రాబోయే విద్యాసంవత్సరానికి పాఠ్యాంశాలు ఖరారు చేసేలోపే ఆదివాసీ ప్రతినిధులతో కూర్చుని ఈ విషయం తేల్చాలని కోరుతున్నాను.

- విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు, పాడేరు