ముంచుకొచ్చే కోపానికి వైద్యం ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఓవర్‌టేక్ చేశాడని ఒకణ్ని చితకబాదారనో, కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య తల పగలగొట్టాడనో వార్త వచ్చినప్పుడల్లా ‘క్షణికావేశం’ దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. ఆ క్షణానికి ముందు జరిగేది కూడా పాఠకులకు తెలియాలి.

మెదడులో ముప్పును పసిగట్టే భాగం అమిగ్డాలా. దాన్ని అదుపు చేసేది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. మద్యం, నిద్రలేమి, తలకు తగిలిన పాత దెబ్బ ఈ అదుపును సడలిస్తాయి. బాల్యంలో దెబ్బలు, అవమానాల మధ్య పెరిగినవాళ్లలో మరో చిక్కుంది: పక్కబల్ల దగ్గర ఎవరో నవ్వితే, తమను చూసే నవ్వారనుకుంటారు.

రెచ్చగొట్టినదానికి ఏమాత్రం పొంతన లేకుండా వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలలపాటు విరుచుకుపడుతున్నా, ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పగలగొట్టినా, మనుషుల్ని గాయపరిచినా మానసిక వైద్యుణ్ని కలవాలి. దీన్ని ‘ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోసివ్ డిజార్డర్’ అంటారు. పథకం వేసుకుని కొట్టేవాడిది ఈ జబ్బు కాదు.

దిండును గుద్దితే కోపం తీరుతుందన్న సలహా హానికరం. కోపం తెప్పించినవాణ్ని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగిందనీ, ఊరికే కూర్చున్నవాళ్లే నయమనీ 2002లో అమెరికాలో బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో తేలింది.

దవడ బిగుసుకుని, చెవులు వేడెక్కుతున్నప్పుడే “ఇరవై నిమిషాల్లో వస్తాను” అని చెప్పి అక్కణ్నుంచి తప్పుకోవాలి. చెప్పకుండా వెళ్తే అవతలివాళ్లు వెంటపడతారు, గొడవ గుమ్మంలోకి మారుతుంది. బండి తీయకూడదు. నిమిషానికి ఆరుసార్లకు మించకుండా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదులుతూ ఊపిరి తీసుకోవాలి. డాబా మీద కూర్చుని అదే మాట నెమరువేసుకుంటే మాత్రం రెట్టింపు కోపంతో కిందికి దిగుతారు.

చికిత్సలో సుమారు 12 వారాల కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ, అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), అవసరమైతే ఫ్లూక్సెటిన్ లాంటి మందులు ఉంటాయి. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని గుణం లేదని మానేయడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మధ్య మనసు విపరీతంగా ఊగిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో ఇదే మందు ఉన్మాదాన్ని రేపగలదు కనుక దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు.

ఇలాంటి వార్తల కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ ఉచిత నంబరు 14416 ప్రచురించాలని మనవి. పక్కనే మహిళల సహాయ నంబరు 181 కూడా వేయండి. కొట్టినవాడు వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాడని, దెబ్బలు తిన్నవాళ్లు ఆ ఇంట్లోనే ఓర్చుకుని ఉండనక్కర్లేదు.

– ఒక మానసిక వైద్యురాలు, వరంగల్