పిల్లలు తక్కువయ్యారని లిటరేచర్ క్లాసు ఎత్తేయకండి: ఇంగ్లండ్ విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బర్కషైర్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లిని. మా అమ్మాయి ఎ-లెవెల్‌లో (మన ఇంటర్ లాంటి రెండేళ్ళ చదువు) ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతోంది. అందుకోసం రోజూ పక్క ఊరి కాలేజీకి రెండు బస్సులు మారి వెళ్తోంది. మా ఇంటి దగ్గరి సిక్స్త్ ఫామ్‌లో, అంటే స్కూల్లోనే ఎ-లెవెల్ చెప్పే విభాగంలో, ఆ సబ్జెక్టు కోర్సుల జాబితాలో ఉంది కానీ క్లాసు లేదు. సరిపడా పిల్లలు చేరలేదు, టీచరుకి జీతం గిట్టదు అన్నారు. బదులుగా సైకాలజీ తీసుకోమన్నారు. ఈ లేఖ ఇంగ్లిషులో మీ ఆఫీసుకూ పంపుతున్నాను. ఇక్కడి మన తల్లిదండ్రులు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను.

ఆ స్కూలు మీద నాకు కోపం లేదు. ప్రభుత్వం తలకు ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తే, తలలు తక్కువైన క్లాసును ఏ హెడ్‌టీచర్ మాత్రం ఎన్నాళ్ళు మోస్తారు? ఆ లెక్క మార్చగలిగేది మీరే.

పిల్లలకే ఇష్టం తగ్గింది, మేమేం చేస్తాం అంటారేమో. ఎ-లెవెల్‌లో ఎక్కువమంది తీసుకునే పది సబ్జెక్టుల్లోంచి 2022లో ఇది మొదటిసారి జారిపోయిన మాట నిజం. కానీ ఆ ఇష్టం దానంతటదే పోలేదు. 2014లో అప్పటి విద్యాశాఖ మంత్రి నికీ మోర్గన్, ఆర్ట్స్ వైపు వెళ్తే పిల్లల అవకాశాలు జీవితాంతం తగ్గిపోతాయన్న అర్థంలో మాట్లాడారు. మాలాంటి ఇళ్ళలో అలాంటి మాట వేదవాక్కే. 2017 బడ్జెట్‌లో, ఎ-లెవెల్ లెక్కల్లో అదనంగా చేరే ప్రతి విద్యార్థికీ స్కూలుకు 600 పౌండ్లు ఇస్తామన్నారు. మంచిదే. లిటరేచర్‌కి అలాంటిదేమీ రాలేదు. దానికి తోడు పదహారేళ్ళకు రాసే జీసీఎస్‌ఈలో, 2015 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో లిటరేచర్ పరీక్షను పుస్తకం ముందు పెట్టుకోకుండా రాయాలి. మా అమ్మాయి స్నేహితులు కవితల్లో లైన్లు కార్డుల మీద రాసుకుని బట్టీ పట్టారు. ఆ టెన్షన్ తర్వాత మరో రెండేళ్ళు ఇదే చదువుతావా అంటే ఎవరు సై అంటారు?

ఎ-లెవెల్‌లో చదువు అలా ఉండదు. ఒక నాటకాన్ని నెలల తరబడి పట్టుకుని కూర్చుంటారు. కనీసం ఎనిమిది రచనలు, అందులో షేక్‌స్పియర్ ఒకటి, 2000 తర్వాత వచ్చినది ఒకటి తప్పనిసరి. మొత్తం మార్కుల్లో 20 శాతం, పరీక్ష హాల్లో కాకుండా కోర్సు మధ్యలో రాసే కోర్స్‌వర్క్‌కి. మా అమ్మాయికి వచ్చిన షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో.

ఒకరోజు వంటింట్లో కూర్చుని మా అమ్మకు ఆ కథ చెప్పింది. డెస్డిమోనా చేతిరుమాలు జారవిడుచుకుంటుంది, పనిమనిషి ఎమీలియా దాన్ని తీసి, ఎన్నోసార్లు అడిగిన తన భర్త ఇయాగోకి ఇస్తుంది. తర్వాత డెస్డిమోనా రుమాలు కోసం వెతుక్కుంటుంటే ఎమీలియా తనకేమీ తెలియదంటుంది. ఇయాగో ఆ రుమాలుతోనే డెస్డిమోనా మీద ఆమె భర్త ఒథెల్లోకి అనుమానం పెంచుతాడు. ఆ ఒక్క అబద్ధంతో యజమానురాలి ప్రాణం పోయే దాకా వస్తుంది. ఎమీలియా ఎందుకు దాచింది, దుర్మార్గురాలా అని మనవరాలి ప్రశ్న. చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ తల కూడా ఎత్తలేదు. "మొగుడు అన్నిసార్లు అడిగింది ఇవ్వకుండా ఆ ఇంట్లో కాపరం చేస్తుందా? ఇచ్చాక నిజం చెప్తే బతకనిస్తాడా?" అంది. నాటకం చివర ఎమీలియా నిజం చెప్తుంది, ఇయాగో ఆమెను పొడిచి చంపుతాడు. ఆ సంగతి మా అమ్మకు అప్పటికి తెలియదు.

మా అమ్మాయి లేచి వెళ్ళి ఆ మాట నోట్సులో రాసుకుంది. ఒకే రచనను వేర్వేరు మనుషులు వేర్వేరుగా ఎలా అర్థం చేసుకుంటారో చర్చించడానికి ఈ పరీక్షలో విడిగా మార్కులున్నాయి. ఇంగ్లిష్ ముక్క రాని మా అమ్మ చెప్పిన మాట మీద మా పిల్ల రెండు పేజీలు రాసింది. డాక్టర్ అవ్వాలన్నా, లాయర్ అవ్వాలన్నా ఎదుటి మనిషి నోరు విప్పకపోతే ఎందుకు విప్పలేదో ఆలోచించడం రావాలి కదా.

మన తల్లిదండ్రులకు ఒక మాట. మెడిసిన్ కోసమే మూడూ సైన్సులు పెట్టించనక్కర్లేదు. కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే మూడోది ఏదైనా సరేననే మెడికల్ స్కూళ్ళు ఇక్కడ చాలానే ఉన్నాయి.

మంత్రి గారూ, ఫీజు కట్టగలిగినవాళ్ళ స్కూళ్ళలో ఐదారుగురితో కూడా ఈ క్లాసు నడుస్తుంది. 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వేసి, ఆ డబ్బు ప్రభుత్వ బడుల మెరుగుకే అన్నారు. అందులోంచే చిన్న లిటరేచర్ క్లాసులకు విడిగా గ్రాంటు ఇవ్వండి. లెక్కలకు ఇచ్చినట్టే, తలకు ఇంత అని. పిల్లలు తగ్గినా రెండేళ్ళ కోర్సు మధ్యలో ఆపకూడదని షరతు పెట్టండి.

మా చిన్నవాడు ఇప్పుడు ఇయర్ 10లో, అంటే మన తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. వాడు కూడా ఇదే చదువుతానంటున్నాడు. వచ్చే చలికాలానికి సిక్స్త్ ఫామ్ దరఖాస్తు పెట్టాలి. గ్రాంటు ప్రకటన ఆ లోపే రావాలి. లేకపోతే మా ఊరి స్కూలు వాడికీ సైకాలజీయే చూపిస్తుంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
బర్కషైర్